తుప్పు మీద సినిమా ఎవరు తీస్తారు

"తుప్పు మీద ఒక్క సినిమా తీయమను, అప్పుడు చూద్దాం," అన్నాడు మా ఆయన.

"తుప్పు చూడ్డానికి టికెట్ ఎవడు కొంటాడయ్యా," అన్నాను నేను.

ఆయన నవ్వాడు. ఆ నవ్వు మధ్యలోనే ఫోన్లో బొమ్మ బిగుసుకుపోయింది. ఓడ రేవుకు దూరం జరిగితే సిగ్నల్ పోతుంది, అది మాకు అలవాటే. మళ్ళీ రేవు వచ్చినప్పుడు చేస్తాడులే అని ఫోను పక్కన పెట్టి కూరకు తిరగమోత వేసుకున్నాను. మేమిద్దరం మాట్లాడుకున్న చివరి మాటలు అవే.

మూడేళ్ళ కిందటి సంగతి ఇది. మిరప కోతలు అయి, కల్లాల నిండా కాయ ఎర్రగా పరచి ఉన్న రోజులు. మాది ప్రత్తిపాడు దగ్గర పల్లెటూరు. నా పని మిర్చి పని. కల్లంలో ఆరిన కాయల్లోంచి రంగు పోయిన తాలు కాయలు ఏరతాను, కోల్డ్ స్టోరేజీ దగ్గర తొడిమలు తీస్తాను. ఆ ఘాటు పీల్చీ పీల్చీ నా గొంతు గరుకుబారిపోయింది. ఫోన్లో కొత్తవాళ్ళు నన్ను మగమనిషి అనుకుని "బాబాయ్ గారూ" అంటారు.

మా ఆయన పని ఓడ పని. వరసగా రెండు పంటలు పత్తి పురుగు పాలైతే, విశాఖ రేవులో పనిచేసే స్నేహితుడి వెంట వెళ్ళి, శిక్షణ తీసుకుని సరుకు ఓడ ఎక్కాడు. పోయేనాటికి ఏబీ. ఏబీ అంటే ఆఫీసరు కాదు. తాళ్ళు కట్టాలి, చుక్కాని పట్టాలి, కాపలా కాయాలి. మిగిలిన పొద్దంతా చిన్న సుత్తితో ఇనుము మీది తుప్పు కొట్టి రాల్చి, దాని మీద రంగు వేయాలి. దాన్ని చిప్పింగ్ అంటారు. ఈ చివర నుంచి మొదలుపెట్టి ఆ చివరకు చేరేసరికి ఈ చివర మళ్ళీ తుప్పు పట్టి ఉంటుందట.

సినిమాల్లో ఓడల గురించి చూపించేది ఎంతవరకు నిజమో, ఆ పని చేసిన ఇళ్ళవాళ్ళు చెప్పండి అని ఒక పత్రికవాళ్ళు అడిగారట. మా అన్న కూతురు హారిక చిలకలూరిపేటలో బడిపంతులమ్మ. ఆ సంగతి మోసుకొచ్చింది.

"అత్తా, నువ్వు చెప్పు, నేను రాస్తా," అంది.

"నేనేమన్నా ఓడ ఎక్కానా ఏంటే? సంతకం పెట్టడమే నాకు గగనం."

"మామయ్య చెప్పిందే చెప్పు. రాసేది నేనుగా."

సరే అని కూర్చున్నాను. కూర్చున్నాక తెలిసింది, నా తలలో మూడు ఓడలు ఉన్నాయని. సినిమాల్లో చూసిన ఓడ ఒకటి. మా ఆయన చెప్పిన ఓడ ఒకటి. ఆయన పోయాక, ఆయనతో ఓడలో పనిచేసిన మస్తాన్ వచ్చి చెప్పిన ఓడ ఒకటి. మూడూ ఒకదానితో ఒకటి కలవవు. అందుకని నేను చెప్పేది కాస్త అటూ ఇటూ పోతుంది, ఏమీ అనుకోవద్దు.

ఆయన సెలవు మీద ఇంటికి వచ్చినప్పుడు టీవీలో ఓడ సినిమా వస్తే మంచం లాక్కుని మరీ ముందు కూర్చునేవాడు. చూడ్డానికి కాదు, తిట్టడానికి.

"చూడవే, అంత తుపానులో కెప్టెన్ బయట నిలబడి అరుస్తన్నాడు. ఆ గాలికి పక్కనోడి మాట కూడా వినపడదు. మేమైతే తలుపులు బిగించుకొని లోపల పడుంటాం. పళ్ళెం ఒళ్ళో పెట్టుకొని తింటాం, లేకపోతే జారిపోద్ది."

"మరి ఆ పాట? పైన అంత ఖాళీ ఉంటదా?"

"ఎక్కడ చూసినా కమ్మీలు, మూతలు, తాళ్ళు. అక్కడ స్టెప్పులేస్తే మోకాలి చిప్ప ఊడొస్తది."

"దొంగలు కూడా అబద్ధమేనా?"

దానికి మాత్రం ఆయన నిదానంగా జవాబు చెప్పాడు. "అబద్ధం కాదు. కొన్ని నీళ్ళల్లోకి పోయేటప్పుడు ఓడ చుట్టూ ముళ్ళ కంచె కడతాం, చేనుకి పందులు రాకుండా కట్టుకున్నట్టే. వంతులేసుకొని కాపలా కాస్తాం. కానీ ఇన్నేళ్ళలో నేను ఒక్క దొంగని చూడలా. తుప్పుని చూడని రోజు లేదు."

"మరి దేనికి భయపడతావు?"

"తాడుకి. ఓడని రేవుకి కట్టే తాడు తొడ లావుంటది. బిగుసుకొని తెగిందంటే కొరడా లెక్కన వెనక్కి కొడతది. దాని దారిలో ఉన్నోడి కాళ్ళు మిగలవు."

ఆ మాట విన్నప్పటి నుంచి నేను దేవుడికి దణ్ణం పెట్టుకునేటప్పుడు తాడు సంగతే చెప్పుకునేదాన్ని. మూసి ఉన్న గదుల సంగతి ఆయన ఒక్కసారి కూడా ఎత్తలేదు. నేను భయపడతానని దాచాడో, ఆయనకే ఆ భయం లేదో నాకు తెలియదు.

కోల్డ్ స్టోరేజీ ముందు షెడ్డులో తొడిమలు తీస్తుంటే మా బావగారు, అంటే మా ఆయన అన్న, బండి మీద వచ్చాడు. బండి దిగి, నా దాకా రాకుండా దూరంగా నిలబడ్డాడు. ఆయన అలా నిలబడటం చూసే నాకు సగం తెలిసిపోయింది. ఓడ కంపెనీవాళ్ళు ఆయనకు ఫోన్ చేశారు. మూసి ఉన్న గదిలోకి దిగి ఇద్దరు పోయారు, గాలి ఆడక పోయారు, అందులో మా ఆయన ఒకడు. వాళ్ళు చెప్పింది అంతే.

పలకరించడానికి ఊరంతా వచ్చింది. వచ్చినవాళ్ళంతా వాళ్ళ తలలో ఒక సినిమా పెట్టుకుని వచ్చారు.

"ఓడ మునిగిందా అమ్మా?"

"లేదు."

"దొంగలు కాల్చారా?"

"లేదంట."

"మరింకేంటి?"

"గాలి లేకంట."

"చుట్టూ అంత సముద్రం పెట్టుకొని గాలి లేకపోవడమేంటి? ఇదేదో వేరే ఉంది. వాళ్ళు దాస్తన్నారు."

ఒకరు తాగి పడ్డాడేమో అన్నారు. ఇంకొకరు, ఓడలో ఏదో దొంగ సరుకు చూసి ఉంటాడు, అందుకే తీసేశారు అన్నారు. నేను కూడా ఆ సినిమాలు చూసినదాన్నేగా. చీకటి గదిలో కట్టేసి కొట్టడం, పెట్టెలో పెట్టి నీళ్ళలోకి తోసేయడం అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. చాలా రోజుల తరవాత ఆయన పెట్టెలో ఇంటికి వచ్చాడు. మోచేతి మీద గీసుకున్న గీత తప్ప ఒంటి మీద దెబ్బ లేదు. అది చూసి నా తికమక ఇంకా పెరిగింది. దెబ్బ ఉంటే ఎవరో కొట్టారనుకునేదాన్ని. ఏమీ లేకుండా మనిషి ఎలా పోతాడు?

తొలకరి వానలు పడి మళ్ళీ దుక్కులు మొదలయ్యాక మస్తాన్ వలీ మా ఇంటికి వచ్చాడు. చిలకలూరిపేట అతను. మా ఆయనతో ఒకే ఓడలో ఫిట్టరు, అంటే ఇనుము కోసి అతికే పనివాడు. మా ఆయనను కోటన్నా అనీ, నన్ను వదినా అనీ పిలుస్తాడు. అంతకు ముందు వచ్చినప్పుడు వంటింటి దాకా వచ్చి గిన్నెల మూతలు తీసి చూసేవాడు. ఈసారి గుమ్మం బయటే నిలబడిపోయాడు. బావగారు కూడా అప్పుడు ఇంట్లోనే ఉన్నాడు.

"కూర్చో మస్తానూ," అన్నాను.

"నిలబడే చెప్తా వదినా. కూర్చుంటే చెప్పలేను."

అతను చెప్పింది ఇది. ఓడకు లంగరు ఉంటుంది. దాని గొలుసులో ఒక్కొక్క లంకె మనిషి ఎత్తలేనంత బరువు. లంగరు పైకి లాగినప్పుడు ఆ గొలుసంతా ఓడ ముందు భాగంలో, అడుగున ఒక ఇనుప గదిలో పడి ఉంటుంది. దాన్ని చైన్ లాకర్ అంటారు. గొలుసుతో పాటు సముద్రం అడుగు బురద కూడా ఆ గదిలోకి వస్తుంది. రేవు దగ్గర పడుతోందని, ఆ బురద ఎంత ఉందో చూడ్డానికి బోసన్ మూత తీయించాడు. బోసన్ అంటే డెక్ మీద పనివాళ్ళకు పెద్ద. శ్రీకాకుళం వైపు ఆయన, పేరు అప్పన్న. మా ఆయనకు ఓడ పని నేర్పింది ఆయనే. ఎన్నో ఓడలు ఇద్దరూ కలిసి చేశారు.

"దిగే ముందు లోపలి గాలిని మీటరుతో చూడాల. ఆ మీటరు తీసుకురావడానికి మనిషి పోయాడు. మూత తీసి చాలాసేపయిందిగా, ఇంతలోకి ఏమవుద్దిలే అని అప్పన్నన్న నిచ్చెన దిగాడు. అడుక్కి చేరాడో లేదో, కూర్చున్నట్టు కూలిపోయాడు. అరవలా, దగ్గలా. పైన కోటన్నా నేనే ఉన్నాం. కోటన్న 'అన్నా' అని ఒక్క కేక పెట్టి దిగబోయాడు. నేను బాయిలర్ సూటు పట్టుకున్నా వదినా."

బాయిలర్ సూటు అంటే మెడ నుంచి చీలమండ దాకా ఒకే ముక్కగా ఉండే పని బట్ట.

"గ్రీజు చేతులు. జారిపోయింది. ఆగన్నా, మాస్కు తెస్తారు, ఆగు అన్నా. వినలా. సగం నిచ్చెన దాకా దిగాడు, చేతులు వదిలేశాడు. నేను దిగలా. వాకీటాకీలో చెప్పి, మూత దగ్గర అడ్డంగా కూర్చున్నా. ఇంకో ఇద్దరు దూకుతామని వస్తే తన్ని మరీ ఆపా. గాలి సిలిండర్లు కట్టుకున్నోళ్ళు వచ్చి ఇద్దరినీ పైకి తీశారు. అప్పటికే..."

మా బావగారు లేచాడు. "అంటే నువ్వు పైన కూర్చొని చూస్తా ఉన్నావన్నమాట."

"ఉన్నాను పెద్దయ్యా."

"ముక్కుకి తడిగుడ్డ కట్టుకొని దూకితే ఇద్దరినీ భుజానేసుకొని వచ్చేవాడివిగదరా. ఒక్క సినిమాలో అయినా చూళ్ళేదా?"

"చూశా పెద్దయ్యా," అన్నాడు మస్తాన్. "కోటన్న కూడా చూసే ఉంటాడు."

మస్తాన్ నా వైపు తిరిగాడు.

"వదినా, నాకు మళ్ళీ ఓడ ఎక్కమని పిలుపొచ్చింది. పేటలో అందరూ అదే అడుగుతున్నారు, వాళ్ళిద్దరూ పోతే నువ్వెట్టా బతికొచ్చావని. మా అమ్మ కూడా అడిగింది. నువ్వు ఒక్క మాట చెప్పు. నేను కూడా దిగాల్సిందా? దిగాల్సిందని నువ్వంటే నేనింక ఓడ మొహం చూడను."

నేను ఏం చెప్పాలి? మనసులో ఒక మూల, నువ్వు దిగుంటే ఆయన బతికేవాడేమో అనే ఉంది. అందుకే వెంటనే జవాబు చెప్పకుండా వేరేది అడిగాను.

"ఆ గదిలో ఏముంది మస్తానూ? విషమా?"

"ఏమీ లేదు వదినా. గొలుసు, బురద, తుప్పు. నెలల తరబడి మూసిన గదిలో తడి ఇనుము తుప్పు పట్టేటప్పుడు గాలిలో ఉండే ప్రాణవాయువుని లాగేసుకుంటది. చూస్తే గది ఖాళీ. వాసన ఉండదు. మంట ఉండదు. పీలిస్తే గాలి లాగే ఉంటది, కానీ అందులో మనిషిని బతికించేది ఉండదు."

"ఇనుము గాలి తినడమేంది?"

"నాకూ మొదట్లో అర్థం కాలా. మాకు క్లాసులో చెప్పారు."

మిర్చి ఘాటు అయితే ముందే చెబుతుంది. గుమ్మం దాటక ముందే తుమ్మిస్తుంది, దగ్గిస్తుంది, పొమ్మంటుంది. ఏమీ చెప్పకుండా చంపే గాలి ఎక్కడైనా ఉంటుందా అనుకున్నాను. అనుకుంటుండగానే మా పుట్టింటి పాతర గుర్తుకొచ్చింది.

మా పుట్టిల్లు పొదిలి దగ్గర. మెట్ట నేల, జొన్న పంట. మా చిన్నప్పుడు జొన్నలు పాతరలో దాచేవాళ్ళు. మనిషి లోతుకు మించి గొయ్యి తవ్వి, చుట్టూ గడ్డి పేర్చి, జొన్నలు పోసి, పైన మన్ను కప్పేస్తారు. తీసేటప్పుడు నోరు తెరిచి ఒక పూట అలాగే వదిలేస్తారు. ఆ తరవాత తాడుకు దీపం కట్టి లోపలికి దింపుతారు. దీపం ఆరితే ఎవరూ దిగకూడదు. జొన్నలు లోపలి గాలి తాగేశాయి అనేవాళ్ళు. గింజ గాలి తాగితే మాకు వింత లేదు, గింజకు ప్రాణం ఉంది. ఇనుముకు ఏముంది అన్నదే నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

మా ఊళ్ళో ఇంకో పద్ధతి కూడా ఉండేది. లోపలికి దిగేవాడి నడుముకు తాడు కట్టి, ఆ తాడు పట్టుకుని పాతర నోటి దగ్గర ఒకడు నిలబడాలి. అతన్ని ఒడ్డు మనిషి అనేవాళ్ళు. ఏం జరిగినా ఒడ్డు మనిషి దిగకూడదు, లాగడమే అతని పని. ఆ ఒడ్డు మనిషి దిగేవాడికి రక్తసంబంధం కాకూడదు. ఎప్పుడో ఒక ఇంట్లో అన్న దిగి పడిపోతే తమ్ముడు దూకాడట. తమ్ముడి కోసం తండ్రి దూకబోతే జనం నడుము పట్టుకుని ఆపారట. అప్పటి నుంచి ఊళ్ళో ఆ కట్టుబాటు.

నా పెళ్ళయిన కొత్తలో మా నాన్న పాతర తీయడానికి దిగుతూ, ఒడ్డున మా అన్నను కాదని మా ఆయనను నిలబెట్టాడు. మా ఆయన నొచ్చుకున్నాడు.

"అంటే నేను పరాయోణ్ణా మామా?"

"పరాయోడివి కాబట్టే నా ప్రాణం నీ చేతికిస్తన్నా అల్లుడూ. పట్టు."

దీపం దింపితే ఆరిపోయింది. కాసేపాగి మళ్ళీ దింపితే మళ్ళీ ఆరింది. మా నాన్నకు పని తొందర, దిగుతానన్నాడు. మా ఆయన తాడు వదలలేదు. "దీపం నిలబడిందాకా నిన్ను దింపను మామా. నీ కూతురితో నేను మాటలు పడలేను," అన్నాడు. అందరూ నవ్వారు. దీపం నిలబడ్డాకే మా నాన్న దిగాడు.

ఇదంతా ఆ రోజు గుమ్మంలో నిలబడి ఉన్న మస్తాన్‌కు చెప్పాను. చెబుతూ చెబుతూ జవాబు నాకే దొరికింది.

"నువ్వు దిగకపోవడమే సరైన పని మస్తానూ. నువ్వు ఒడ్డు మనిషివి. నువ్వూ దిగుంటే వాకీటాకీలో ఎవరు చెప్పేవాళ్ళు? నీ వెనక వచ్చిన ఇద్దరినీ ఎవరు ఆపేవాళ్ళు? నాకు వచ్చినట్టే ఇంకో మూడు ఇళ్ళకు పెట్టెలు వచ్చేవి. పోయి ఓడ ఎక్కు."

బావగారు అన్నాడు, "అయితే తప్పు మా తమ్ముడిదేనంటావా అమ్మా?"

"నాకు తెలియదు బావగారూ," అన్నాను. నిజంగానే తెలియదు.

మస్తాన్ అప్పుడు కూర్చున్నాడు. అన్నం పెట్టాను. పండుమిరప పచ్చడి కలుపుకుని మొదటి ముద్ద తిని, "కోటన్న సీసాలో తెచ్చేది ఇదేనా వదినా? ఓడలో దీని కోసం మేమందరం ఆయన వెనక తిరిగేవాళ్ళం," అన్నాడు. బావగారు లేచి చెంబుతో మంచినీళ్ళు తెచ్చి అతని పక్కన పెట్టాడు. వెళ్ళేటప్పుడు నేను ఒక సీసా కట్టి ఇచ్చాను.

మస్తాన్ మళ్ళీ ఓడ ఎక్కాడు. ట్యాంకులూ గదులూ తెరిచే రోజు ఫోన్ దొరికితే చేస్తాడు. "ఇయ్యాల ఒడ్డు మనిషిని నేనే వదినా. మీటరు చూడందే ఎవడినీ దిగనివ్వలా," అంటాడు. అతని ఓడలో ఇప్పుడు వేరే రాష్ట్రాలవాళ్ళు, వేరే దేశాలవాళ్ళు కూడా ఆ పనికి 'ఒడ్డు మనిషి' అనే మా ఊరి మాటే వాడుతున్నారట, పలకడం రాకపోయినా.

ఈ అనుభవం నేర్పిందేమిటో చివర్లో చెప్పాలని హారిక అంటోంది. డెక్ మీద పాటలకు నేను సినిమావాళ్ళను ఏమీ అనను, అది పాటే అని అందరికీ తెలుసు. తుపానులు ఉన్నాయి, దొంగలూ ఉన్నారు, అవీ పూర్తిగా అబద్ధాలు కావు. కానీ ఎవరైనా ప్రమాదంలో పడితే సినిమా ఎప్పుడూ దూకినవాడి వెంటే లోపలికి పోతుంది. ఒడ్డున నిలబడ్డవాడిని వదిలేస్తుంది. లోపల తన మనిషి పడి ఉంటే, కాళ్ళు లాగేస్తున్నా దిగకుండా నిలబడటం ఎంత కష్టమో ఎవరూ చూపించరు. చూపిస్తే ఎవరు ఈల వేస్తారు? మా బావగారు చెడ్డవాడు కాదు. చూసింది అదే కాబట్టి అదే అడిగాడు.

ఇంతవరకూ నాకు స్పష్టంగానే ఉంది. ఆ తరవాతే అంతా కలగాపులగం. మామను కూడా ఒడ్డున ఆపిన మనిషి, దీపం నిలబడిందాకా తాడు వదలని మనిషి, ఆ రోజు ఎందుకు దిగాడు? గింజలు లేని ఖాళీ ఇనుప గది పాతరేనని ఆయనకు తోచలేదా? లేక ఎన్నో ఏళ్ళు ఒకే గదిలో పడుకుని, ఒకే పళ్ళెంలో తిని, అప్పన్న ఆయనకు నిజంగానే అన్న అయిపోయాడా? రక్తం కాని మనిషి రక్తమైపోతే అప్పుడు ఒడ్డున ఎవరిని నిలబెట్టాలో మా నాన్న చెప్పలేదు. తుప్పు గురించి అంత నవ్విన మనిషిని ఆ తుప్పే తీసుకుపోయింది. ఒక రోజు ఆయన మీద కోపం వస్తుంది, నన్ను తలుచుకోలేదా అని. ఇంకో రోజు, పడిపోయిన మనిషిని చూసి ఆగలేకపోయినవాడు నా మొగుడు అని ఛాతీ నిండుతుంది. రెండూ ఒకే రోజు వచ్చిన రోజులూ ఉన్నాయి.

ఇంక చాలు హారికా, రాయడం ఆపు. ఏదీ, మొదటి నుంచి ఒకసారి చదివి వినిపించు. మస్తాన్‌ను మంచివాడని చెప్పబోయి మీ మామయ్యను తక్కువ చేశానేమో నేను వినాలి. ఆయన నవ్విన చోట కాస్త ఆగి చదువు.